మైలుతుత్తంలో కొడవలి ఎందుకు ఎర్రబడుతుంది? లోహాల చర్యాశీలతని పిల్లల చేతే తేల్పించడం

బత్తాయి, నిమ్మ తోటలున్నోళ్ళకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం కలుపుతారు, మైలుతుత్తం (అంటే కాపర్ సల్ఫేట్, రాగి ఉన్న నీలం స్ఫటికాలు) ఒక కిలో, సున్నం ఒక కిలో, నీళ్ళు 100 లీటర్లు, అంతా కలిపాక ఇంట్లో పెద్దాయన కొడవలినో కత్తినో బాగా రుద్ది తళతళలాడేలా చేసి అందులో కాసేపు ముంచి పైకి తీసి చూస్తాడు, దాని మీద ఎర్రటి పూత కనపడితే "ఇంకొంచెం సున్నం పడాలిరా" అంటాడు, ఏమీ లేకపోతే పిచికారీకి రెడీ. ఆయన చదువుకున్నాడా లేదా అన్నది పక్కన పెడితే చేసింది మాత్రం పదో తరగతి స్థానభ్రంశ చర్యే, అంటే ఒక లోహం ఇంకో లోహాన్ని దాని ద్రావణంలోంచి బయటికి పంపడం. సున్నం సరిపోనప్పుడు రాగి ఇంకా నీళ్ళలో కరిగే ఉంటుంది, ఆ రాగి ఆకుల్ని మాడ్చేస్తుంది, అదే రాగి ఇనుము కనపడగానే దాని మీద పొరలా కూర్చుంటుంది. ఈ మందుని ఇనప డ్రమ్ములో కలపొద్దు, ప్లాస్టిక్ డ్రమ్ములోనో మట్టి తొట్టిలోనో కలపండి అని చెప్పేది కూడా ఇందుకే.

ఇప్పుడు క్లాసుకి రండి. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము, సీసం, హైడ్రోజన్, రాగి, పాదరసం, వెండి, బంగారం అని చర్యాశీలత శ్రేణిని, అంటే ఎక్కువ చురుకైన దాని నుంచి తక్కువ చురుకైన దాని దాకా ఉన్న వరసని, పిల్లలు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తారు, ఆ స్పీడుకి మనకే ముచ్చటేస్తుంది. జింక్ కింద ఇనుము ఎందుకుంది అని అడిగితే మాత్రం "బుక్కులో అలా ఉంది సార్". ఆ జవాబుకి నేను పిల్లల్ని ఏమీ అనను, ఎందుకంటే చాలా ఏళ్ళు నా దగ్గర కూడా దానికంటే మంచి జవాబు లేదు, ప్రయోగం చేయిద్దామంటే అల్యూమినియం మొండికేసి కూర్చునేది, నేను బోర్డు మీద రాసిన వరసకీ టెస్ట్ ట్యూబులో కనపడే వరసకీ పొంతన కుదిరేది కాదు, "ముక్క పాతదైంది" అని సర్ది చెప్పేసేవాణ్ణి.

తర్వాత అర్థమైందేంటంటే, మనం పిల్లల ముందు రెండు వేరు వేరు ప్రశ్నల్ని కలిపి ముద్ద చేసి పెడుతున్నాం. ఒకటి, ఏ లోహం తన ఎలక్ట్రాన్లని ఏ లోహానికి ఇవ్వగలదు. రెండోది, ఎంత స్పీడుగా ఇస్తుంది. చర్యాశీలత శ్రేణి ప్రధానంగా మొదటిదానికి జవాబు. బుడగలు చూసి "ఇది ఫాస్ట్, అది స్లో" అనేది రెండోదానికి జవాబు. చాలాసార్లు ఈ రెండూ కలుస్తాయి కాబట్టి గొడవ లేదు, కలవని చోటే పిల్లలు బుర్ర గోక్కుంటారు, మనం ముక్క పాతదైంది అంటాం.

"ఇనుము రాగిని బయటికి తోసేస్తుంది" అనే మాట నేనూ వాడతాను గానీ అందులో కొంచెం ఇబ్బంది ఉంది. పిల్లలు దాన్ని కుస్తీ పోటీలా ఊహించుకుంటారు. అసలు జరిగేది ఏంటంటే ఇనుము పరమాణువు తన దగ్గరున్న రెండు ఎలక్ట్రాన్లని నీళ్ళలో తిరుగుతున్న రాగి అయాన్‌కి అంటగట్టి తను నీళ్ళలోకి జారుకుంటుంది, ఎలక్ట్రాన్లు దొరికిన రాగి మళ్ళీ లోహంగా మారి ఆ ఇనుముకే అతుక్కుంటుంది. నీలం రంగు తగ్గి లేత ఆకుపచ్చ వచ్చిందంటే ఇప్పుడు నీళ్ళలో ఉన్నది ఇనుము. రైతు భాషలో చెప్పాలంటే మైలుతుత్తం కాస్తా అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్నది) అయిపోయింది. ఎవరు ఎక్కువ తేలిగ్గా వదిలించుకుంటారో వాళ్ళు వరసలో పైన, అంతే సంగతి.

ఇక ప్రయోగానికి కావలసిన సరుకులు. ల్యాబ్‌లో ఏమీ లేవని బాధపడే ముందు ఒకసారి ఎరువుల కొట్టుకి వెళ్ళండి. మైలుతుత్తం ఉంటుంది, అన్నభేది ఉంటుంది, వరికి వేసే జింక్ సల్ఫేట్ ఉంటుంది, పత్తికి కొట్టే మెగ్నీషియం సల్ఫేట్ ఉంటుంది. నాలుగు లోహాల ద్రావణాలు ఒకే కొట్టులో దొరికేశాయి! 100 మిల్లీలీటర్ల నీళ్ళకి ఒక్కోటి 12 నుంచి 14 గ్రాములు వేస్తే అన్నీ దాదాపు ఒకే గాఢతకి వస్తాయి, మామూలుగా దొరికే స్ఫటికాల అణుభారాలు దగ్గర దగ్గరగా ఉండటం మన అదృష్టం. జింక్ సల్ఫేట్ సంచి మీద మాత్రం 21 శాతం అని ఉందో 33 శాతం అని ఉందో చూసుకోండి, 33 శాతంది అయితే 9 గ్రాములు చాలు. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉన్నది తీసుకోండి, గోధుమ రంగుకి తిరిగిందంటే గాలికి పాడైపోయింది, దాని కథ తర్వాత చెప్తాను.

లోహాలకి మెగ్నీషియం రిబ్బన్ ఒక్కటే ల్యాబ్ నుంచి రావాలి. జింక్ ముక్కలు కూడా ల్యాబ్‌లో ఉంటాయి, లేకపోతే పాత టార్చిలైటు సెల్లు డొక్కు జింకే, కాకపోతే మామూలు జింక్ కార్బన్ సెల్లు మాత్రమే, ఆల్కలైన్‌వీ ఫోన్ బ్యాటరీలూ పొరపాటున కూడా విప్పొద్దు, ఆ విప్పే పని కూడా పిల్లలకి ఇవ్వొద్దు. రాగికి ఇంటి వైరింగ్ తీగ పైన ప్లాస్టిక్ ఒలిచి వాడండి. మోటారు వైండింగ్ తీగ చూడటానికి రాగిలానే ఉంటుంది గానీ దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది, అది గోకకుండా ఎందులో వేసినా ఏమీ అవ్వదు. ఇనుముకి మేకులు. ఇక్కడే అందరం బోల్తా పడతాం, తుప్పు పట్టవని తెల్లగా మెరిసే మేకులు కొంటాం, వాటి మీద ఉన్నది జింక్ పూత. పిల్లలు ఇనుముని పరీక్షిస్తున్నాం అనుకుంటూ జింక్‌ని పరీక్షిస్తుంటారు. జి.ఐ. తీగ కూడా అదే బాపతు. నల్లగా ఉండే మామూలు మేకులు తీసుకుని సాండ్ పేపర్‌తో రుద్దించండి, అసలు అన్ని లోహాల్నీ రుద్దించాల్సిందే, మెగ్నీషియం రిబ్బన్ మీద మసకగా కనపడేది ఆక్సైడ్, లోపల వెండిలా మెరిసేదే అసలు లోహం.

నాలుగు లోహాలు, నాలుగు ద్రావణాలు, అంటే 16 గళ్ళు. మెగ్నీషియంని మెగ్నీషియం సల్ఫేట్‌లో వేయటంలో అర్థం లేదు కాబట్టి అలాంటి నాలుగు తీసేస్తే 12 టెస్టులు మిగుల్తాయి. టెస్ట్ ట్యూబులు లేకపోతే పాలిథిన్ కవర్‌లో పెట్టిన చార్టు మీద ఒక్కో గడిలో నాలుగైదు చుక్కలు వేసి చిన్న ముక్క పెట్టినా చాలు, ఖర్చు తక్కువ, చెత్తా తక్కువ. చర్య జరిగితే ఆ లోహానికి ఒక పాయింటు. మెగ్నీషియంకి మూడు, జింక్‌కి రెండు, ఇనుముకి ఒకటి, రాగికి సున్నా, కబడ్డీ టోర్నమెంట్ పాయింట్ల పట్టికలాగ వరస దానంతటదే కళ్ళ ముందు తేలిపోతుంది. ఈ పట్టికలో నాకు బాగా నచ్చేది ఏంటంటే ప్రతి జతకీ రెండు సార్లు పోటీ అవుతుంది, ఇనుముని మైలుతుత్తంలో వేస్తాం, రాగిని అన్నభేదిలోనూ వేస్తాం, ఒక వైపు జరిగింది రెండో వైపు జరగకూడదు. రెండు వైపులా ఏదో జరిగినట్టు కనపడిందంటే ఎక్కడో తేడా కొట్టిందని పిల్లలకే తెలిసిపోతుంది, టీచర్ వచ్చి తప్పు అని చెప్పాల్సిన పనిలేదు.

వరస ముందే చెప్పేసి "ఇప్పుడు చూడండి, అలాగే వస్తుంది" అని ప్రయోగం చేయిస్తే మాత్రం దీనంత బోరు ఇంకోటి ఉండదు. వాళ్ళు చూడరు, రాసేస్తారు. శ్రేణి చార్టు గోడ మీద ఉంటే ఆ రోజుకి తిప్పి పెట్టండి. ఇంకోటి, ప్రతి గడిలో "చర్య జరిగింది" అని రాయనివ్వొద్దు, కనపడింది రాయాలి. రంగు తగ్గిందా, పొర పట్టిందా, ఆ పొర ఏ రంగు, బుడగలు వచ్చాయా, ట్యూబు వేడెక్కిందా. ఎందుకంటే చాలా గళ్ళలో కనపడేది పుస్తకం చెప్పినట్టు ఉండదు.

ఉదాహరణకి జింక్‌ని మైలుతుత్తంలో వేస్తే రాగి కదా, ఎర్రగా పడాలి అని ఎదురు చూస్తారు, పడేది నల్లగా! చాలా సన్నని పొడిగా పడటం వల్ల మొదట నల్లగా కనపడుతుంది, కాసేపు వదిలేస్తే మెల్లగా ఎరుపు గోధుమ రంగుకి వస్తుంది. మెగ్నీషియంని వేస్తే పొరతో పాటు బుస్సుమని బుడగలు, "సార్ ఇందులో యాసిడ్ వేశారా" అని అడుగుతారు, మంచి ప్రశ్న అది, మైలుతుత్తం నీళ్ళే కొంచెం ఆమ్ల గుణం చూపిస్తాయి, లిట్మస్ ముంచి చూపించండి, ఆ బుడగలు హైడ్రోజన్. జింక్‌ని అన్నభేదిలో వేస్తే చాలాసేపు ఏమీ అయినట్టు ఉండదు, బూడిద నలుపు పొర మెల్లగా పడుతుంది, అప్పుడు ఆ పొర గోకి కాగితం మీద ఆరబెట్టి కింద అయస్కాంతం తిప్పమనండి, కదిలితే ఇనుము. వెనక బెంచీ వాళ్ళు లేచి వచ్చేది ఇక్కడే.

పాడైన అన్నభేది కథ ఇదీ. గోధుమ రంగుకి తిరిగిన దాంట్లో ఇనుము ఇంకో రూపంలో ఉంటుంది, మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఫెర్రిక్ రూపం. అది రాగి తీగని కొంచెం కొంచెంగా తినేస్తుంది, ఎలక్ట్రానిక్స్ వాళ్ళు సర్క్యూట్ బోర్డుల మీద అక్కర్లేని రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌తో కరిగించేది ఈ గుణంతోనే. తీగ తళతళలాడటం, సన్నబడటం చూసి "రాగి ఇనుముని తోసేసింది" అని ఎవరైనా రాస్తే, సరే, మరి బయటికొచ్చిన ఇనుము ఏదీ, చూపించు అనండి. ఇనుము ఎక్కడా పడదు.

ఇప్పుడు యాసిడ్ పరీక్ష, మన పుస్తకాలు ఎక్కువ ఆధారపడేది దీని మీదే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముక్కలు వేసి బుడగలు చూడటం. తేలిక, చూడ్డానికి బాగుంటుంది, కానీ తీర్పు చెప్పడానికి అంత నమ్మదగ్గది కాదు. ఒక ట్యూబులో ఇనప రజను, ఇంకోదాంట్లో లావుపాటి జింక్ గుళిక వేస్తే ఇనుమే గెలిచినట్టు కనపడొచ్చు, రజనుకి ఉపరితలం ఎక్కువ కాబట్టి. అంతెందుకు, శుభ్రమైన జింక్ ముక్క యాసిడ్‌లో బద్ధకంగా ఉంటుంది, అందులో రెండు చుక్కలు మైలుతుత్తం నీళ్ళు వేయండి, ఒక్కసారిగా బుడగలు పెరుగుతాయి, జింక్ మీద పడిన రాగి, జింక్ కలిసి చిన్న చిన్న సెల్లుల్లా పనిచేయడం వల్ల. జింక్ స్థానం మారలేదు, స్పీడు మారింది. అందుకే ముక్కల సైజు, ఆమ్లం గాఢత, పరిమాణం, వేడి అన్నీ ఒకేలా ఉంచాలి అనేది రికార్డులో రాసుకునే జాగ్రత్తల లిస్టు కాదు, అవి ఉంచకపోతే వరసే మారిపోతుంది. ముందు ఒకసారి కావాలనే తప్పుగా చేయించి, వచ్చిన తప్పు వరస మీద పిల్లలు కొట్లాడుకున్నాక సరిగ్గా చేయిస్తే ఈ విషయం బుర్రలోకి దిగుతుంది. నత్రికామ్లం జోలికి వెళ్ళొద్దు, అది వచ్చే హైడ్రోజన్‌ని నీరుగా మార్చేసి తను ఘాటైన వాయువులు వదుల్తుంది, పైగా రాగిని కూడా కరిగిస్తుంది, మొత్తం పాఠం తలకిందులు.

అల్యూమినియం దగ్గరికి వద్దాం, నా చిన్న మనసుకి అన్నిటికంటే ఇష్టమైన భాగం. చార్టులో జింక్ కంటే పైన, కానీ సత్తు గిన్నెలో పప్పు వండుతాం, పులుసు కాస్తాం, ఏళ్ళ తరబడి గిన్నె ఏమీ కాదు. వంటింటి ఫాయిల్ ముక్క మైలుతుత్తంలో వేస్తే పావుగంటయినా చెక్కుచెదరదు. పిల్లలు పట్టికలో అల్యూమినియంకి సున్నా వేసి రాగి పక్కన కూర్చోబెడతారు, వాళ్ళు చూసింది అదే కదా. అప్పుడు ఆ ట్యూబులో ఒక చెంచాడు మామూలు వంట ఉప్పు వేయండి. కొద్ది నిమిషాల్లో ఫాయిల్ మీద చిల్లులు, ఎర్రటి బురదలా రాగి, బుడగలు, ట్యూబు పట్టుకుంటే వేడి, చూస్తుండగానే ఫాయిల్ ముద్దయిపోతుంది. ఉప్పు చేసింది ఒక్కటే, అల్యూమినియం మీద కంటికి కనపడనంత పల్చగా, కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర ఉంటుంది, అది గాలి తగలగానే ఏర్పడి లోపలి లోహాన్ని కాపలా కాస్తుంటుంది, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడా చీల్చి దారి చేస్తుంది. అల్యూమినియం ఎప్పుడూ చురుకైనదే, ఆ చురుకుతోనే ముందే ఆక్సిజన్‌తో కలిసి తలుపేసుకుని కూర్చుంది. ఆవకాయ పింగాణీ జాడీలోనే పెట్టాలి, సత్తు గిన్నెలో నిలవ ఉంచకూడదు అని మన అమ్మమ్మలు పట్టుబట్టేది ఉత్త ఆచారం కాదు, ఉప్పు, పులుపు రెండూ కలిసి ఆ తలుపు మీదే పడతాయి. ఉప్పు ట్యూబు చేసిన రోజు పిల్లలు ఇంటికెళ్ళి గిన్నెల గురించి అడిగే ప్రశ్నలకి ఫోన్లు నాకొచ్చాయి, అది వేరే సంగతి.

ఇదే అల్యూమినియం తలుపు తీస్తే ఎంత పని చేస్తుందో రైలు పట్టాల దగ్గర చూడొచ్చు. అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపి అంటిస్తే ఆక్సిజన్‌ని అల్యూమినియం లాగేసుకుంటుంది, ఇనుము కరిగి కారి పట్టాల మధ్య సందులో గడ్డకడుతుంది. థర్మిట్ అంటారు, జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంట్ తీసుకున్నాడు. ఇది వీడియోలో చూపించాల్సిందే, స్కూల్లో చేసే సాహసం ఎవరూ చేయకండి. సోడియంని నీళ్ళలో వేయడం కూడా పిల్లల పని కాదు, బియ్యపు గింజంత ముక్క, టీచరే, దూరం నుంచి, అద్దాలు పెట్టుకుని, అదీ స్కూల్లో ఆ ఏర్పాటు ఉంటేనే.

చురుకైన పిల్ల ఒకత్తి ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది, ఇంటర్ పుస్తకంలో లిథియం అన్నిటికంటే పైన ఉంది, మరి నీళ్ళలో సోడియం కంటే నెమ్మదిగా ఎందుకుంది అని. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (ఎంత మైనస్ అయితే ఎలక్ట్రాన్లని అంత తేలిగ్గా వదులుతుందని చెప్పే కొలత) చూస్తే లిథియంకి మైనస్ 3.04 వోల్టులు, సోడియంకి మైనస్ 2.71, కాబట్టి చార్టు కరెక్టే. కానీ సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, నీళ్ళలో పడగానే తన వేడికి తనే కరిగి బంతిలా పరుగెత్తుతూ కొత్త ఉపరితలం చూపిస్తూ పోతుంది, లిథియం కరగాలంటే 180 డిగ్రీలు కావాలి, గట్టి ముక్కగానే ఉండి నింపాదిగా పని కానిస్తుంది. మళ్ళీ అదే, ఇవ్వగలదా అనేది ఒకటి, ఎంత స్పీడుగా అనేది ఇంకోటి.

ఈ రెండింటినీ విడదీసి అంకెల్లో చూపించాలంటే థర్మామీటరు బాగా పనికొస్తుంది. మైలుతుత్తం 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములు కలిపి, ఒక్కో థర్మోకోల్ కప్పులో 25 మిల్లీలీటర్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో లోహం పొడి కొంచెం ఎక్కువే వేసి కలుపుతూ ఎంత వేడెక్కిందో రాయాలి. లెక్క ప్రకారం ఇనుముకి 7 డిగ్రీలు, జింక్‌కి 10, మెగ్నీషియంకి 25 దాకా పెరగాలి. చేతిలో వచ్చేవి ఇంతకంటే తక్కువే, ముఖ్యంగా ఇనుము నెమ్మది కాబట్టి వేడి గాలికి పోతూ ఉంటుంది, కానీ వరస మాత్రం తప్పదు. మల్టీమీటర్ ఉంటే నిమ్మకాయ ఇంకా సులువు, రాగి తీగ ఒక పక్క, జింక్ ముక్క ఇంకో పక్క గుచ్చితే ఒక వోల్టుకి అటూ ఇటూ చూపిస్తుంది, జింక్ తీసి శుభ్రమైన మేకు పెడితే తగ్గుతుంది, మెగ్నీషియం పెడితే పెరుగుతుంది. అల్యూమినియం పెట్టి చూడండి, జింక్ కంటే తక్కువ చూపిస్తుంది, ఈసారి ఎందుకో పిల్లలే చెప్తారు.

టైము మిగిలితే చార్టుని కింద నుంచి పైకి చదివించండి, లోహాల చరిత్ర వచ్చేస్తుంది. బంగారం నదుల ఇసకలో లోహంగానే దొరికింది. రాగి, ఇనుము ఖనిజాల నుంచి బొగ్గుతో లాగడానికి వీలైంది, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. అల్యూమినియం దగ్గర బొగ్గు చేతులెత్తేసింది, 1886లో హాల్, హెరౌల్ట్ ఇద్దరూ విడివిడిగా కరెంటు పద్ధతి కనిపెట్టాకే అది చవకైంది. పొటాషియం, సోడియం అయితే 1807లో హంఫ్రీ డేవీ బ్యాటరీలు వాడితే గానీ బయటికి రాలేదు. ఎలక్ట్రాన్లు తేలిగ్గా వదిలించుకున్న లోహానికి వాటిని తిరిగి ఇవ్వడం అంత కష్టం. స్థానభ్రంశ చర్యలు వరసగా చేసి లోహాల్ని ఒక క్రమంలో పెట్టింది రష్యన్ రసాయన శాస్త్రవేత్త బెకెటోవ్, 1865లో, అంటే పిల్లలు చార్టు మీద చుక్కలేసి చేసింది ఆయన చేసిన పనే.

చివరికి మిగిలేది నీలం నీళ్ళ బకెట్. దాన్ని మొక్కలకో కాలవలోకో పారబోయకండి, రాగి చేపలకి విషం. స్కూల్ స్టోర్‌రూమ్‌లో పాత మేకులు, వంకర బోల్టులు ఉంటాయి కదా, అవన్నీ తుప్పు దులిపి ఆ బకెట్లో పడేసి రెండు రోజులు వదిలేయండి. నీలం పోయి లేత పచ్చ వస్తుంది, అడుగున ఎర్రటి మట్టిలా రాగి దిగుతుంది. అయిపోయిందా లేదా అని అనుమానం ఉంటే ఒక పిల్లాడి చేత కొత్త మేకు తళతళలాడేలా రుద్దించి అందులో ముంచి తీయించండి, ఎర్రబడితే ఇంకో గుప్పెడు మేకులు పడాలి.